వసారాలో ఉత్పలమాల

ఏ ప్రదర్శనశాలకు వెళ్ళినా మొదట మనలను పలకరించేది "తాకరాదు" అన్న పలక. చిన్ననాటినుంచీ దానిని చూచి చూచి, కళాఖండం ఎదుట చేతులు వెనుకకు కట్టుకొని నిలబడడం మనవారికి అలవాటైపోయింది. అందుచేత 2024 ఆగస్టు 29వ తేదీన, తెలుగు భాషా దినోత్సవం నాడు, మా కళాశాల వసారాలోకి వచ్చిన ఉన్నత పాఠశాల పిల్లలలో 6వ తరగతి కుర్రవాడొకడు చెప్పులు విడిచి చేతబట్టుకొని, వరుసగా పరచిన చెక్కపలకల ముందు ఆగి, "తొక్కవచ్చునా, మాస్టారూ?" అని అడిగినప్పుడు నాకు ఆశ్చర్యం కలుగలేదు.

"తొక్కితేనే గాని అది పలుకదు నాయనా" అన్నాను.

వాడు మొదటి పలకమీద కాలు మోపాడు. "ధీం" అన్నది పలక. ఉలిక్కిపడి వెనుకకు గెంతాడు. ఆ తరువాత అరగంటదాకా వాణ్ణి అక్కడినుంచి కదల్చడం ఎవరితరమూ కాలేదు.

ఆ పలకల వరుసను మా విద్యార్థులు ఏడుగురు కలసి ఏడు వారాలు శ్రమించి నిర్మించారు. చూడవచ్చినవాడు చేయి వేసినప్పుడో, అడుగు పెట్టినప్పుడో మాత్రమే పూర్తి అయ్యే ఇటువంటి నిర్మాణాలను ఇంగ్లీషులో ఇంటరాక్టివ్ ఇన్‌స్టలేషన్ అంటారు. దానిని "ప్రతిష్ఠాపన" అని తెలుగు చేద్దామా అని మా పిల్లలలో ఒకరు అడిగారు. ప్రతిష్ఠ అయిన విగ్రహాన్ని అర్చకుడు తప్ప మరొకరు ముట్టరు. ఇది ముట్టకపోతే బ్రతకదు. కనుక ఆ మాట వద్దన్నాను. చివరకు వారే "నడకపద్యం" అని పేరు పెట్టుకొన్నారు. నాకు అంతకంటె మంచి మాట తోచలేదు.

ఈ కళ నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1969లోనే మైరన్ క్రూగర్ మొదలైనవారు "గ్లోఫ్లో" అనే చీకటిగదిని నిర్మించారు. నేలలో అమర్చిన మీటలమీద మనుష్యుల అడుగులు పడేకొద్దీ గదిలోని వెలుగులూ ధ్వనులూ మారేవి. తెలుగు పంతులుగా నా మనస్సును పట్టుకొన్నవి మాత్రం తరువాత వచ్చిన రెండు నిర్మాణాలు. మొదటిది 1989లో జెఫ్రీ షా చేసిన "లెజిబుల్ సిటీ". కదలని సైకిలెక్కి తొక్కుతూ ఉంటే ఎదుటి తెరమీద నగరవీధులు కదలివస్తాయి. ఆ వీధులలో ఇళ్ళుండవు, ఇళ్ళంతేసి అక్షరాలుంటాయి. తొక్కేవాడు ఏ సందుకు మళ్ళితే ఆ సందులోని వాక్యం చదువుకొంటాడు. రెండవది 1999 నాటి "టెక్స్ట్ రెయిన్". కెమిల్ అట్టర్‌బాక్, రోమీ ఆఖితూవ్ అనే ఇద్దరు కలసి చేసినది. తెరమీద అక్షరాలు వానలా కురుస్తాయి. ఎదుట నిలిచినవారి ప్రతిబింబం తలమీదా, చాచిన చేతులమీదా అవి నిలుస్తాయి. ఓపికగా పట్టుకొంటే మాటలవుతాయి. ఇంకా ఓపిక పడితే ఒక కవితలోని పాదమవుతుంది.

జూలై మొదటి వారంలో తరగతిలో ఈ రెండింటినీ తెరమీద చూపించాను. సామూహిక ప్రాజెక్టుకు విషయం ఎన్నుకోవలసిన సమయమది. గణితం, కంప్యూటరు శాస్త్రం చదివేవారు నలుగురు, బి.ఏ. తెలుగువారు ముగ్గురు కలసి ఒక జట్టుగా ఏర్పడ్డారు. ఇంగ్లీషు నిర్మాణాలలో అక్షరాలు కనిపిస్తాయి గాని వాటి నడక వినిపించదనీ, మన పద్యంలో అక్షరంకంటె ముందు నడకే చెవిని పడుతుందనీ తెలుగు విద్యార్థి ఒకడు అన్నాడు. గణితం చదివే అమ్మాయి వెంటనే కాగితం తీసుకొన్నది.

లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అన్నది పాఠశాల పిల్లలకు కూడా తెలిసినదే. మాత్రకు ఒక అడుగు చొప్పున లఘువుకు అడుగు పలక, గురువుకు రెండడుగుల పలక కోయిస్తే? ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ అనేవి గణాలు, పాదానికి 20 అక్షరాలు. వాటిలో గురువులు 8, లఘువులు 12. వెరసి 28 మాత్రలు. మా వసారా మొదటి స్తంభం దగ్గరనుంచి మెట్లదాకా టేపు పట్టి కొలిస్తే 28 అడుగుల చిల్లర వచ్చింది. "మాస్టారూ, ఈ వసారాను ఉత్పలమాలకోసమే కట్టించారండీ!" అని కేకవేశారు. శార్దూలానికీ మత్తేభానికీ 30 మాత్రలు కావాలి. పులికీ ఏనుగుకూ మా వసారాలో చోటు లేకపోయింది.

పాత గదిలో పడి ఉన్న విరిగిన బల్లలను వడ్రంగిచేత కోయించి, పెద్ద పలకలు 14, చిన్న పలకలు 28 తయారు చేయించారు. పలకలను బిగించలేదు, ఎవరు కావాలంటే వారు తీసి వరుస మార్చవచ్చును. వాటి క్రింద ప్రతి అడుగుకూ ఒక మీట. మీట అంటే గొప్ప వస్తువేమీ కాదు. చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు రెండు ముక్కలు, నడుమ చిల్లులు పొడిచిన స్పాంజి. పైన బరువు పడితే చిల్లుల గుండా రేకులు తాకుకొంటాయి; తీగలో విద్యుత్తు పారుతుంది. చిన్న పలక ఒక మీటమీద ఆనుతుంది. పెద్ద పలక పక్కపక్కనున్న రెండింటిమీద. ఒక్క మీట మూసుకొంటే లఘువు, రెండూ ఒకేసారి మూసుకొంటే గురువు. గురులఘువులు యంత్రానికి తెలిసే విధానం అంతే. తీగలన్నీ చేరేది ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుకు. ఇటలీలోని ఇవ్రియాలో ఒక డిజైన్ విద్యాలయంలో, విద్యుచ్ఛాస్త్రం చదువని విద్యార్థులకు కూడా అందుబాటుగా ఉండాలని 2005లో దానిని రూపొందించారు. మామూలు రకంలో డిజిటల్ పిన్నులు 14 మాత్రమే కాబట్టి మావాళ్ళు 54 పిన్నులున్న మెగా రకం తెచ్చుకొన్నారు. గురువుకు "ధీం", లఘువుకు "త" అని ఢోలకు ధ్వనులు పట్టి పెట్టారు. చివరి పలక దాటగానే, నడిచినది తనకు తెలిసిన వృత్తమైతే దాని పేరు యంత్రం చెబుతుంది.

మొదటిసారి పలకలు పరచిన సాయంకాలం వాళ్ళు నన్ను పిలిచి ఒక వింత చూపించారు. ఉత్పలమాల వరుసలో మొదటి పెద్ద పలక తీసివేసి, ఆ చోట రెండు చిన్న పలకలు పెట్టారు. మిగిలిన వాటిని తాకనైనా తాకలేదు. "ఇప్పుడు నడవండి, మాస్టారూ" అన్నారు. నడిచాను. "చంపకమాల" అన్నది యంత్రం. ముప్పై ఏళ్ళుగా న-జ-భ-జ-జ-జ-ర అని వల్లె వేయిస్తున్నవాణ్ణి నేను. తొలి గురువును రెండు లఘువులుగా విడదీస్తే ఉత్పలమాల చంపకమాల అవుతుందనీ, శార్దూలం మత్తేభమవుతుందనీ ఎరుగనివాణ్ణి కాను. అయినా గణాల పేర్లన్నీ మారిపోవడంచేత పుస్తకంలో ఆ చుట్టరికం కంటికి ఆనదు. ఆనాడు అది నా అరికాలికి తెలిసింది.

గణితం అమ్మాయి అంతటితో ఊరుకోలేదు. ఒకటీ రెండూ మాత్రల పలకలతో 28 అడుగులు ఎన్ని విధాల నింపవచ్చునో లెక్క కట్టింది. ఒక అడుగైతే 1 విధం, రెండడుగులైతే 2, మూడైతే 3, నాలుగైతే 5, ఐదైతే 8. ఏ సంఖ్య అయినా దాని ముందున్న రెండింటి మొత్తం. ఈ వరుసకు పాశ్చాత్యులు ఫిబొనాచీ పేరు పెట్టారు. ఆయన గ్రంథం 1202 నాటిది. దానికి సుమారు యాభై ఏళ్ళు ముందుగా వెలసిన ఛందోనుశాసనంలో హేమచంద్రుడు మాత్రావృత్తాలను లెక్కిస్తూ ఇదే చెప్పాడు. ఆయనకంటె పూర్వుడైన విరహాంకుడూ చెప్పాడు. వారిరువురూ ఈ లెక్కను చేసినది పద్యం నడక కొలవడానికే. 28 మాత్రలకు వచ్చే సంఖ్య 5,14,229. నిమిషానికొకటి చొప్పున రాత్రింబవళ్ళు ఆగకుండా నడిచినా అన్నీ పూర్తి కావడానికి 357 రోజులు పడుతుంది. ఆ అమ్మాయి ఈ లెక్కను సుద్దతో వసారా గోడమీద వ్రాసింది. ఎవరూ చెరపలేదు.

ఇంతవరకు చదివినవారికి ఏడుగురూ ఏకోదరులవలె పనిచేశారని తోచవచ్చును. అట్లా జరుగలేదు. మూడవ వారానికే జట్టు రెండుగా చీలింది. తీగలు బిగించేవారు రాత్రి తొమ్మిదిదాకా కూర్చునేవారు. తెలుగువారు గణాలు చెప్పి ఇంటికి వెళ్ళిపోతున్నారని వారికి కోపం. వృత్తం మాది, యంత్రం వచ్చి దానిమీద కూర్చున్నది అని వీరికి కోపం. మార్కులకోసం ఒక పనిచిట్టా పెట్టించాను. ఎవరు ఏ రోజున ఏ పని చేసినదీ అందులో వ్రాసి సంతకాలు చేయాలి. తగవు తీరడానికి బదులు అక్షరబద్ధమైంది. ముఖ్యంగా తెలుగు విద్యార్థినులలో ఒక అమ్మాయి మాట్లాడేది కాదు. ఒక మూల స్తంభానికి ఆనుకొని అందరినీ చూస్తూ ఉండేది. సామాను అందించమంటే అందించేది. ఆమె పేరు ఎదుట ఎవరో కొంటెగా "చూచింది" అని వ్రాశారు. మరునాడూ అదే. మూడు వారాలపాటు ఆ గడిలో "చూచింది" తప్ప మరొక మాట లేదు. నేను వారించవలసినది, వారించలేదు. పైగా 50 మార్కులకు ఆమె పేరు ఎదుట పెన్సిలుతో 21 వేసి ఉంచాను.

ఆ రోజులలోనే తరగతిలో తిరుపతి వేంకట కవుల పాఠం వచ్చింది. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో కీర్తిశేషులైన తరువాత మరి ముప్పై ఏళ్ళు జీవించిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, తాను ఒంటరిగా వ్రాసినవాటికి కూడా ఇద్దరి పేరే పెట్టారు. ఈ సంగతి చెబుతూ మా జట్టువైపు చూచాను. ఒకడు లేచి, "వారికి మార్కుల పట్టిక లేదు గదండీ" అన్నాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను గాని ఆ మాట నాకు కొంచెం గుచ్చుకొన్నది.

ఆగస్టు 27న పరీక్షగా నడిపించి చూచారు. అంతవరకు నడిచినదంతా ఆ ఏడుగురే. పలక ఎక్కడ తొక్కాలో వారి పాదాలకు అలవాటే. ఆనాడు ఇతర తరగతులవారిని పిలిచారు. ఏ ఒక్కరి నడకా కుదరలేదు. పెద్ద పలక అంచున కాలు వేస్తే అది ఒక వైపు ఒరుగుతుంది. రెండు మీటలలో ఒకటే మూసుకొంటుంది. "ధీం" అనవలసినచోట "త" అంటుంది. ఎనిమిది గురువులలో మూడో నాలుగో లఘువులై, ఉత్పలమాల దేనికీ చెందకుండా పోయింది. యంత్రం నోరు విప్పలేదు. కంప్యూటరువారు ప్రోగ్రాములో మార్పులు చేశారు. అప్పుడు పక్కపక్కనున్న రెండు చిన్న పలకలను త్వరగా తొక్కితే అవీ గురువుగా వినిపించసాగాయి. స్పాంజి మార్చారు. పలకలకు అడుగున బద్దలు కొట్టారు. రాత్రి ఎనిమిది గంటలకు ఒకరిమీద ఒకరు అరుచుకొంటూ ఉండగా నేను ఇంటికి వచ్చాను. రెండు రోజులలో పిల్లలు వస్తారు.

మరునాటి ఉదయం నేను వెళ్ళేసరికి ఆ మాట్లాడని అమ్మాయి వసారాలో మోకాళ్ళమీద కూర్చుని ఉన్నది. ప్రక్కన తెల్లరంగు గిన్నె. పిడికిలి బిగించి, దాని అంచును రంగులో ముంచి, పలక సరిగా నడుమ అద్దుతున్నది. తరువాత వేలికొనతో అయిదు చుక్కలు పెడుతున్నది. పలకమీద ఒక పాదం వెలుస్తున్నది. ముందటి రోజుకు ముందటి రోజే, ఆగస్టు 26న, కృష్ణాష్టమి. మన ఇళ్ళలో ఆనాడు గడపనుంచి దేవుని గదిదాకా బియ్యపుపిండితో చిన్ని కృష్ణుని అడుగులు వేస్తారు గదా, వాళ్ళింట్లో ఆమే వేసిందట. "ఎందుకమ్మా ఇవి?" అన్నాను. "అడుగు కనిపిస్తే ఎవరైనా దానిమీదే అడుగు వేస్తారండీ. మా తమ్ముడు మొన్న అట్లాగే నడిచాడు" అన్నది. నాతో ఆమె మాట్లాడిన మొదటి మాటలు అవే అనుకొంటాను. ఆరిన తరువాత అటెండరును పిలిచి నడవమన్నారు. ఆయన ఎవరూ చెప్పకుండానే ప్రతి పాదంమీదా పాదం వేసుకొంటూ నడిచాడు. రెండు మీటలూ కలిసి మూసుకొన్నాయి. "ఉత్పలమాల" అన్నది యంత్రం. తీగల దగ్గర కూర్చున్న కుర్రవాడు లేచి వెళ్ళి రెండవ గిన్నెలో రంగు కలిపాడు.

29న వచ్చిన పిల్లలు మేము అనుకొన్నదేదీ చేయలేదు. వరుస మార్చినప్పుడు ఎడమ పాదం తరువాత మళ్ళీ ఎడమ పాదమే వచ్చేది. వాళ్ళు కుంటికాలిమీద గెంతి, దానిని తొక్కుడుబిళ్ళ చేశారు. ఇరవై ఎనిమిదీ చిన్న పలకలే పరచి పరుగెత్తారు. పధ్నాలుగూ పెద్ద పలకలే వేసి నడుము వంచి నడిచారు. ఇటువంటి వాటికి యంత్రం మౌనంగా ఉంటే పిల్లల ముఖాలు చిన్నబోతాయని మావాళ్ళు ముందురోజే గ్రహించి, "ఇది పేరు లేని వృత్తం, పేరు మీరే పెట్టండి" అని దానికి నేర్పి, ప్రక్కన ఒక నోటుపుస్తకం ఉంచారు. సాయంకాలానికి అందులో "కుందేలు", "రైలుబండి", "బామ్మ నడక" మొదలైన కొత్త వృత్తాలు చేరాయి. అవధానంలో పృచ్ఛకుడు ఒక అక్షరాన్ని నిషేధిస్తే పద్యం మరొక దారి పట్టినట్లు, ఒక్కొక్క పిల్లవాడి చేతిలో ఆ వసారా ఒక్కొక్క దారి పట్టింది.

లోపాలు లేవని కాదు. యతిస్థానమని పదవ పలకకు పసుపు రాశారు. కాని మైత్రి అక్షరాలకు గాని చెక్కలకు లేదు. ప్రాస సంగతి సరేసరి. అందరికంటె సూటిగా చెప్పినవాడు మా అటెండరే. ఆయన వయస్సులో ఉండగా పౌరాణిక నాటకాలలో కృష్ణుని వేషం కట్టినవాడు. రెండుమార్లు నడిచి, "లయ బాగున్నది బాబూ. రాగానికి చోటేదీ? నేను పద్యం ఎత్తుకొంటే నాలుగో అక్షరం మీద ఎంతసేపు నిలుస్తానో ఈ చెక్కకేం తెలుసు?" అన్నాడు. ఏడుగురూ ఒకరి ముఖాలొకరు చూచుకొన్నారు. దానికి సమాధానం ఇప్పటికీ లేదు.

వారం తరువాత ఐదుగురు విద్యార్థులు వచ్చి, అందరికీ ఒకే మార్కు వేయమని అడిగారు. మార్కుల పట్టికలో ఏడుగురికి ఏడు గడులున్నాయి. కలసి చేసిన పనికి గడి లేదు. పెన్సిలుతో వేసిన 21 చెరిపివేసి, ఏడు గడులలోనూ 43 వేసి పంపాను. "ఏడుగురికీ ఒకే అంకె ఎట్లా వచ్చినది?" అని ప్రశ్న వ్రాసి కార్యాలయం వారు తిప్పి పంపారు. పనిచిట్టా మొత్తం జతచేసి మళ్ళీ పంపాను, "చూచింది" అన్న పుటలతో సహా. పది రోజుల తరువాత స్వీకరించారు. చదివి స్వీకరించారో, విసిగి స్వీకరించారో తెలియదు. అడగడానికి రాని ఇద్దరిలో ఒకరు ఆ అమ్మాయి. రెండవవాడు, తీగల దగ్గర రాత్రులు గడిపిన కుర్రవాడు, తరువాత ఒంటరిగా వచ్చి, "కాదనను మాస్టారూ. అయినా నేను పన్నెండు రాత్రులు మేలుకొన్నాను" అన్నాడు. అతడన్నదీ నిజమే. కూర్చోమని టీ తెప్పించాను. ఇద్దరమూ ఎక్కువ మాట్లాడుకోలేదు.

ఆర్డుయినో తిరిగి ప్రయోగశాలకు వెళ్ళింది. పలకలను ఉన్నత పాఠశాలవారు అడిగి తీసుకొని వెళ్ళారు. వాటికిప్పుడు తీగలు లేవు, ధ్వని లేదు. పిల్లలే "ధీం, త" అనుకొంటూ గెంతుతున్నారు. ఇటీవల ఆ దారిన పోతూ లోపలికి వెళ్ళి చూచాను. ఆవరణలో ఉత్పలమాల పరచి ఉన్నది, ఒక్క మొదటి పలక తప్ప. అది వానకు నాని విరిగిందట. ఆ చోట పిల్లలు రెండు చిన్న పలకలు వేసుకొన్నారు.